పదిహేడో సందిగ్ధం

ఆ సర్క్యులరు వచ్చిన వేళకు హైమావతి టీచరు కోడిగుడ్లకు ఫొటో తీస్తోంది.

గుండ్లసముద్రం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆమె జీవశాస్త్రం చెబుతుంది. నియామక పత్రంలో అలాగే ఉంది మరి. తొమ్మిదిన్నరకు గుడ్ల ఫొటో, పదింటికి మరుగుదొడ్ల ఫొటో, పదిన్నరకు హాజరు ఫొటో, పదకొండింటికి పప్పు ఉడుకుతున్న ఫొటో పై వాళ్ళకు పంపించాక, మిగిలిన పొద్దులో జీవశాస్త్రం చెబుతుంది. ఒకసారి తొందరలో మరుగుదొడ్డి ఫొటో పప్పు గడిలో పెట్టింది. దానికి జిల్లా ఆఫీసు నుంచి 'చాలా బాగుంది' అని జవాబొచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకు పై వాళ్ళంటే భయం కొంచెం తగ్గింది, బెంగ మాత్రం పెరిగింది.

హెడ్మాస్టరు తిరుపతయ్యగారు ఫోను పట్టుకుని వంటషెడ్డు దాకా పరుగున వచ్చాడు. ఆయన రిటైరు కావడానికి అయిదు నెలలుంది. ఈ అయిదు నెలలూ ఏ కాగితం తనను కరవకుండా దాటించమని ఆయన రోజూ దేవుడికి మొక్కుకుంటున్నాడు.

"అమ్మా హైమావతీ, ఇది చదువు. నాకు అర్థమయిందేమో అని భయంగా ఉంది," అన్నాడు.

ఆమె చదివింది. 'ఇందుమూలముగా అందరు ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, విజ్ఞానశాస్త్రమునకును సమాజమునకును మధ్య తలెత్తు నైతిక సమస్యలపై పదవ తరగతి విద్యార్థులు స్వతంత్రముగా ఆలోచించి నిర్ణయము తీసుకొను సామర్థ్యమును జనవరి ముప్పై ఒకటవ తేదీ సాయంత్రము అయిదు గంటలలోగా నూటికి నూరు శాతము సాధించవలెను. స్వతంత్రముగా ఆలోచించని విద్యార్థుల జాబితాను, అందుకు బాధ్యులైన ఉపాధ్యాయుల జాబితాను జతపరచవలెను.'

దీని వెనక ఒక కథ ఉంది. కమిషనరుగారు ఆ మధ్య పదకొండు రోజులు ఏదో చల్లటి దేశానికి వెళ్ళొచ్చారు. అక్కడ ఒక బడిలో పిల్లలు గుండ్రంగా కూర్చుని, ఒక నది పక్కన ఫ్యాక్టరీ పెట్టవచ్చా లేదా అని మూడు గంటలు వాదించుకున్నారట. పంతులమ్మ నోరు మెదపలేదట. చివరికి పిల్లలు ఒక మాట మీదికి రాకుండానే ఇళ్ళకు పోయారట. అది చూసి కమిషనరుగారి కళ్ళు చెమర్చాయి. ఆయన మంచి మనిషే, చూసిందీ మంచిదే. కానీ మంచిని చూసి వచ్చిన ఆఫీసరుకు దాన్ని మార్చి నెల ముప్పై ఒకటిలోగా, ఒక్కోసారి జనవరి ముప్పై ఒకటిలోగా అందరి చేతా చేయించాలనిపిస్తుంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుంటే దాని ఒళ్ళే కాలుతుంది. ఇక్కడ కాలేది పంతుళ్ళ ఒళ్ళు.

శిక్షణ జిల్లా కేంద్రంలో పెట్టారు. డాక్టర్ వేదాద్రిగారు జిల్లా నైతిక నిర్ణయ సమన్వయకర్త. ఆర్నెల్ల కిందటి దాకా ఆయన జిల్లా మరుగుదొడ్ల సమన్వయకర్తగా ఉండి, ఆ రంగంలో నూరు శాతం సాధించి, ఈ రంగానికి వచ్చాడు. తెర మీద బొమ్మలు వేసి, చేతికర్రతో తట్టుతూ మాట్లాడాడు.

"మిత్రులారా, ముందుగా సందిగ్ధం అనగా నేమి?"

వెనక వరసలో ఒక ముసలి తెలుగు పండితుడు లేచి, "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అదండీ సందిగ్ధమంటే," అన్నాడు.

వేదాద్రిగారు కాసేపు ఆలోచించి, "బాగుంది. ఇందులో సరైన ఆప్షను ఏది?" అని అడిగాడు.

పండితుడు కూర్చున్నాడు.

విషయం ఏమిటంటే, 'వివేకసేతు' అని ఒక యాప్ తయారయింది. అందులో సైన్సూ సమాజమూ కొట్టుకునే సందిగ్ధాలు నలభై ఉంటాయి. ప్రతి దానికీ ఎ, బి, సి, డి అని నాలుగు దారులు. పిల్లవాడు బడి ట్యాబు ముందు ముఖం పెట్టాలి. యాప్ ముఖాన్ని గుర్తుపట్టి ప్రశ్న ఇస్తుంది. తొంభై సెకన్లలో స్వతంత్రంగా ఆలోచించి ఒకటి నొక్కాలి. అది కీతో సరిపోతే తరువాతి సందిగ్ధం తెరుచుకుంటుంది. నలభై దాటితే పచ్చరంగు ధ్రువపత్రం వస్తుంది. ఆ పత్రం లేని వాళ్ళకు పదో తరగతి హాల్ టికెట్టు రాదు.

హైమావతి చెయ్యెత్తింది. "సార్, స్వతంత్రంగా ఆలోచించినప్పుడు ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా నిర్ణయించవచ్చు గదా. కీ ఎట్లా ఉంటుంది?"

"మంచి ప్రశ్న మేడం. స్వతంత్రంగా ఆలోచించిన వారందరూ ఏ నిర్ణయానికి వస్తారో రాష్ట్ర స్థాయి కమిటీ ముందుగానే ఆలోచించి పెట్టింది."

"ఎవరైనా ఇంకా ఆలోచిస్తున్నాను అంటే?"

వేదాద్రిగారి ముఖం చిన్నబోయింది. "ఆ ఆప్షను పెట్టలేదు మేడం. పెడితే పెండింగు చూపిస్తుంది. పెండింగు చూపిస్తే డ్యాష్‌బోర్డు ఎర్రబడుతుంది. ఎర్రబడితే అందరం ఇబ్బంది పడతాం," అని చెప్పి భోజనాలకు లేవమన్నాడు.

తిరిగొచ్చాక హైమావతి ఒక తప్పు చేసింది. మొదటి సందిగ్ధాన్ని నిజంగా చర్చకు పెట్టింది. ఊరి పక్కన కర్మాగారం వస్తే పనులు దొరుకుతాయి, చెరువు పాడవుతుంది, రానివ్వాలా వద్దా? పదో తరగతిలో నలభై ఒక్కమంది. గ్రానైటు పాలిషింగులో పనిచేసే ఒకాయన కొడుకు లేచి, "మా నాయన ఆ దుమ్ములో నిలబడబట్టే టీచర్, నేను ఈడ కూసోగలిగింది," అన్నాడు. మిరపచేను వాళ్ళ పిల్ల లేచి, "మీ నాయన దుమ్మంతా మా కాయల మీదనే గదా. కొనేవాడు చేత్తో తుడిచి చూసి పోతన్నాడు," అంది. మాటా మాటా పెరిగింది. కొట్టుకుంటారేమో అనుకుంది హైమావతి. కొట్టుకోలేదు. నల్లబల్ల మీద చెరువూ, చేనూ, ఫ్యాక్టరీ గీసి, రాళ్ళబురద ఎక్కడ పోస్తే ఎవరికి నష్టమో లెక్కలు తీశారు. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆమె అటువంటి క్లాసు చూడలేదు. ఒళ్ళంతా తేలికైపోయింది.

నాలుగింటికి జిల్లా నుంచి ఫోనొచ్చింది. గుండ్లసముద్రం సున్నా శాతం! ఒక్క నిర్ణయమైనా నమోదు కాలేదు. పక్క మండలంలో ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలు పిల్లలు ఒక్కో సందిగ్ధాన్ని పదకొండు సెకన్లలో పరిష్కరించారు, మీరేం చేస్తున్నారు?

తిరుపతయ్యగారు ఫోను పెట్టేసి గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. అయిదు నెలలు. "అమ్మా, చర్చ బాగుంది. నేను కిటికీలోంచి విన్నా. కానీ మనకొద్దమ్మా అంత మంచి చదువు," అన్నాడు.

అప్పటికే మండల కేంద్రంలో 'నైతిక నిర్ణయాలు ఆల్ ఇన్ వన్' అని పుస్తకం దిగింది. నలభై సందిగ్ధాలు, కీ వెనక అట్ట మీద. హైమావతి తెప్పించింది. అందరూ తెప్పించారు, ఆమె తెప్పించింది. తిలాపాపం తలా పిడికెడు. పిల్లలు రెండు రోజుల్లో దానికి రాగం కట్టేశారు. కప్పకు డీ, కోతికి ఏ, కర్మాగారానికి సీ, అణువిద్యుత్తుకు బీ. ఇంటి దగ్గర తల్లులు పొయ్యి ముందు కూర్చుని ఒప్పజెప్పించుకున్నారు. కప్పను కొయ్యాలా వద్దా అన్నది ఎవరికీ తెలియదు. ఆ బడిలో కప్ప లేదు, కోసే బల్లా లేదు, కోసే కత్తీ లేదు. కప్పకు డీ అని మాత్రం బడికి రాని పిల్లలకు కూడా తెలుసు.

ఆ అలవాటు ముదిరింది. ఒకరోజు సైన్సు గదిలో గాజు బీకరు పగిలింది. తిరుపతయ్యగారు బెత్తం పట్టుకుని, "ఎవడ్రా పగలగొట్టింది?" అని గద్దించాడు. క్లాసంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంది. ముందు బెంచీ వాడు లేచి, "ఆప్షన్లు చెప్పండి సార్," అన్నాడు.

పదిహేను రోజులకు నలభై మంది పచ్చగా అయ్యారు. ఒక్కతి మిగిలింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆ ఒక్కతి పేరు కాశింబీ. మూడో బెంచీలో గోడవైపు కూర్చుంటుంది. తల్లి మిరపకోతలకు పోతుంది, ఇంట్లో మోకాళ్ళు పట్టేసిన అవ్వ ఉంటుంది. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి ఈ పిల్లే. తరువాత నర్సు చదువు చదవాలని ఆశ. ఊళ్ళో సూది వేయడానికి వచ్చే నర్సమ్మ వెనక సంచీ మోసుకుంటూ తిరుగుతుంది. హాల్ టికెట్టు రాకపోతే మార్చిలో ఆ పిల్ల పరీక్ష హాలుకు గాక తల్లి వెంట కోతలకు పోతుంది. ఒకసారి కోతలకు పోయిన పిల్ల మళ్ళీ బడికి రావడం హైమావతి చూడలేదు.

కాశింబీ పదహారు సందిగ్ధాలు బాగానే దాటింది. పదిహేడు దగ్గర ఆగింది. 'ఒకే ఒక్క మోతాదు మందు కలదు. రోగులు ఇద్దరు. ఒకరు డెబ్భై ఏళ్ళ వృద్ధురాలు. మరొకరు పాతికేళ్ళ యువ శాస్త్రవేత్త. మందు ఎవరికి ఇవ్వవలెను?' కీ బి. అంటే శాస్త్రవేత్తకు. సమాజానికి ఎక్కువ ఉపయోగపడతాడు గనక.

"బీ నొక్కవే," అంది హైమావతి.

"తెలుసు టీచర్. వెనక అట్ట మీద ఉంది. నొక్కబోతే ఆ ముసలామె గుర్తొస్తంది."

"ఏ ముసలామె?"

"మందు లేనామె. ఆమెకి ఎవరన్నా ఉన్నారో లేదో రాయలా. ఇంకో ఊళ్ళో ఆ మందు దొరుకుద్దో లేదో రాయలా. ఆమెని ఎవరన్నా అడిగారో లేదో అదీ రాయలా. ఆమె ఆడనే మంచం మీద పడుకోనుంటే, ఆమె ముందరే మనం బీ అంటే ఎట్టా టీచర్?"

తొంభై సెకన్లు అయిపోయాయి. ట్యాబు ఎర్రగా వెలిగి, 'నైతిక నిర్ణయం నమోదు కాలేదు' అంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బడి లెక్క తొంభై ఏడు పాయింటు అయిదు ఆరు దగ్గర నిలబడిపోయింది. జిల్లా అంతా పచ్చగా ఉంది, గుండ్లసముద్రం దగ్గర మాత్రం ఒక ఎర్రచుక్క.

ఆ చుక్కను చూడటానికి వేదాద్రిగారు కారు వేసుకుని స్వయంగా వచ్చాడు. కాశింబీని ఆఫీసు గదిలోకి పిలిపించాడు.

"అమ్మాయీ, భయపడకు. నీకు నైతికత ఎక్కడ అడ్డం పడుతున్నది?"

కాశింబీ తన ప్రశ్నలు మూడూ చెప్పింది.

"చూడమ్మా, సదరు వృద్ధురాలు ప్రశ్నలో ఒక పాత్ర మాత్రమే. ఆమెకు అభిప్రాయం ఉండదు. అభిప్రాయం ఉండి ఉంటే కమిటీవారు ఆప్షనుగా పొందుపరచి ఉండేవారు."

"మనిషే గద సార్?"

వేదాద్రిగారు డైరీ తెరిచి 'అతినైతికత' అని రాసుకున్నాడు. ఇది అరుదైన కేసనీ, నైతికత లేకపోతే నేర్పవచ్చు గానీ ఎక్కువైతే తగ్గించడానికి ప్రస్తుతం శాఖ దగ్గర మాడ్యూలు లేదనీ చెప్పాడు. మందుగా, రోజూ ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా ప్రత్యేక తరగతి పెట్టమన్నాడు. హైమావతికి ఒక మెమో ఇచ్చాడు. 'మీ తరగతిలో ఒక విద్యార్థిని నిర్ణీత కాలవ్యవధికి మించి ఆలోచించుచున్నందున, మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

కారెక్కబోతూ మాత్రం ఆయన గొంతు తగ్గించాడు. ఇంటి మనిషిలా మాట్లాడాడు. "మేడం, నాకూ పిల్లలున్నారు. ఆ పిల్ల హాల్ టికెట్టు ఆపాలని నాకేం సరదా? అన్ని స్కూళ్ళలో ఏం చేస్తున్నారో మీరూ చెయ్యండి. యాప్ ముఖాన్ని గుర్తుపడుతుంది గానీ, వేలు ఎవరిదో దానికి తెలియదు. ముఖం పిల్లది, వేలు మీది. అంతే."

ఆ మాట హైమావతిని రెండు వారాలు వదల్లేదు. పిల్లకు నైతికత వచ్చినట్టు కాగితం కావాలంటే తను దొంగవేలు పెట్టాలి. పెట్టకపోతే పిల్ల మిరపకోతలకు పోతుంది. ఆ ముసలి పండితుడి కప్పా పామూ ఆమె కలలోకి కూడా వచ్చాయి. ఎ, బి, సి, డి మాత్రం రాలేదు.

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసి, పిల్లలకు బిళ్ళలు పంచాక, హైమావతి కాశింబీని సైన్సు గదికి పిలిచి తలుపు వేసింది. మర్నాడే కమిషనరుగారు వస్తున్నారు. రాష్ట్రంలో మొట్టమొదటి సంపూర్ణ నైతిక నిర్ణయ జిల్లాను, ఆ చల్లటి దేశంలో పిల్లల చేత అలా వాదన చేయించే పద్ధతి నేర్పిన ప్రొఫెసరమ్మకు చూపించడానికి ఆమెను కూడా వెంటబెట్టుకుని వస్తున్నారు. గుండ్లసముద్రం ఎర్రగా ఉంటే జిల్లా పరువు పోతుంది.

"ముఖం పెట్టు," అంది హైమావతి.

కాశింబీకి అర్థమయింది. "నొక్కండి టీచర్. నాకు హాల్ టికెట్టు కావాల. పెద్దపరీచ్చ రాయాల," అని ట్యాబు ముందు ముఖం పెట్టింది.

'దయచేసి కళ్ళు ఒకసారి ఆర్పండి' అంది యాప్. కాశింబీ కళ్ళు ఆర్పింది. నీళ్ళు జలజలా రాలాయి. 'ముఖం సరిపోలలేదు' అంది యాప్. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. ఏడుస్తున్న కాశింబీ ఎవరో ఆ యాప్‌కు తెలియదు. హైమావతి ట్యాబు బల్ల మీద బోర్లా పెట్టేసింది. ఆమెకు చాలా సిగ్గేసింది, ఆ సిగ్గు కింద కాస్త ఊరట కూడా కలిగింది. "పోవే ఇంటికి. బీ సంగతి తరవాత చూద్దాం. నీ మూడు ప్రశ్నలూ మీ అవ్వనడుగు," అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

మర్నాడు బడి ముందు షామియానా వేశారు. తిరుపతయ్యగారు కాశింబీ చెయ్యి పట్టుకుని, "తల్లీ, ఈ ఒక్కపూట వంటషెడ్డులో కూర్చుని గుడ్లు ఒలువు. నువ్వు కనపడితే లెక్క తప్పుతుంది," అని బతిమాలాడు.

నలభై మందీ గుండ్రంగా కూర్చున్నారు. గుండ్రంగా కూర్చోవాలని సర్క్యులరులో ఉంది, వ్యాసార్థం కూడా ఇచ్చారు. కమిషనరుగారు ఎంతో ప్రేమగా, "పిల్లలూ, కప్పను కొయ్యడం న్యాయమేనా?" అని అడిగారు.

"డీ!" అన్నారు నలభై మందీ ఒక్క గొంతుతో. షామియానా మీది పావురాలు లేచిపోయాయి.

"చూశారా, ఎంత ఏకాభిప్రాయమో!" అని కమిషనరుగారు ప్రొఫెసరమ్మకు ఇంగ్లీషులో చెప్పారు. ఆమె మర్యాదగా నవ్వి, చేతులు కడుక్కోవాలంటూ లేచింది. హైమావతి వెంట వెళ్ళింది. కుళాయి వంటషెడ్డు పక్కనే ఉంది. లోపల గుడ్లు ఒలుస్తున్న పిల్లను చూసి, ఈమె క్లాసులో ఎందుకు లేదని ఆమె అడిగింది. వెనకే ఆయాసపడుతూ వచ్చిన తిరుపతయ్యగారికి అబద్ధం అందలేదు. అరవయ్యేళ్ళ మనిషికి కంగారులో నిజమే నోటికొస్తుంది.

"ఆ పిల్ల ఇంకా ఆలోచిస్తోందండీ," అన్నాడు.

హైమావతి దాన్ని ఇంగ్లీషు చేసి చెప్పింది. పదిహేడో సందిగ్ధం, ముసలామె, మూడు ప్రశ్నలు, మూడు వారాలు, అన్నీ చెప్పింది. ప్రొఫెసరమ్మ వంటషెడ్డు గడప మీద కూలబడి, కాశింబీ చేతిలో గుడ్డు అందుకుని తానూ ఒలవడం మొదలుపెట్టింది. కమిషనరుగారు వచ్చి చూసేసరికి ఆమె, "ఇవాళ నేను చూసిన వాళ్ళలో నిర్ణయం తీసుకుంటున్న పిల్ల ఈమె ఒక్కతే," అంది.

కమిషనరుగారు మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చినప్పుడల్లా సర్క్యులరు వస్తుందని హైమావతికి తెలుసు.

ఇరవై తొమ్మిదో తారీఖున వచ్చింది. 'సందిగ్ధములపై తొందరపడి నిర్ణయములు తీసుకొనుట అనైతికమని ప్రభుత్వము గుర్తించినది. కావున ఇంతకుముందు నమోదైన నిర్ణయములన్నియు రద్దుపరచడమైనది. ప్రతి సందిగ్ధమునకు, ఇ) ఇంకా ఆలోచిస్తున్నాను, అను ఐదవ ఆప్షను చేర్చడమైనది. నలభై సందిగ్ధములకును ఇదియే సరైన సమాధానము. గడువులో మార్పు లేదు.'

రాత్రికి రాత్రి దాదాపు నూరు శాతం నైతిక జిల్లా సున్నా అయిపోయింది. అయితేనేం, ఇప్పుడు కీ బహు తేలిక. ముప్పై ఒకటో తారీఖు ఉదయం నలభై మంది పిల్లలూ వరసలో నిలబడి, ముఖం పెట్టి, టకటకా ఇ నొక్కేశారు. ఒక్కో సందిగ్ధానికి రెండు సెకన్లు. రాష్ట్రంలో అంత తొందరగా ఆలోచించడంలో మునిగిపోయిన పిల్లలు మరెక్కడా లేరని వేదాద్రిగారు గ్రూపులో అభినందించాడు. మధ్యాహ్నానికి నలభై ధ్రువపత్రాలు పచ్చగా వచ్చేశాయి. తిరుపతయ్యగారు కాశింబీ కోసం గేటు దగ్గర నిలబడ్డాడు. పెళ్ళివారి కోసం చూసినట్టు చూశాడు.

కాశింబీ మూడింటికి వచ్చింది. పరుగెత్తుకుంటూ సైన్సు గదిలోకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"టీచర్, నాకు తెలిసిపోయింది! ఆ మందు శాస్త్రవేత్తకే ఇయ్యాల."

"ఎట్లా తెలిసిందే?" అంది హైమావతి.

"మా అవ్వనడిగినా. మొదట తిట్టింది. నాలుగు రోజులు మాట్లాడలా. రాత్రి అన్నం తింటా తనే చెప్పింది. 'ఆ పిల్లోడికే ఇయ్యమనవే. నేను చూడాల్సిందంతా చూసినా. కానీ నన్నడగాల. నా మంచం కాడికొచ్చి, అవ్వా, ఇట్టా ఉంది, ఏం చేద్దాం అని అడిగితే నేనే ఇస్తా. అడక్కుండా తీసుకుంటే మాత్రం అది దొంగతనం' అనింది. కాబట్టి బీనే టీచర్. కానీ అడిగినాక బీ."

ఎవరూ ఆపే లోపల పిల్ల ముఖం పెట్టి, మొదటి పదహారుకూ తను అనుకున్నవేవో నొక్కబోయింది. మొదటి దాని దగ్గరే ట్యాబు ఎర్రబడింది. 'తొందరపాటు నిర్ణయం. మరొకసారి ఆలోచించండి.'

తిరుపతయ్యగారు రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, నలభై సార్లు ఇ నొక్కు. ఇంకా ఆలోచిస్తున్నా అని చెప్పు, చాలు. నీకు అలవాటైన మాటే గదా!"

"అప్పుడు ఆలోచిస్తన్నా సార్, అందుకే అన్నా. ఇప్పుడు అయిపోయింది. అయిపోయినాక కూడా ఇంకా ఆలోచిస్తన్నా అంటే అబద్ధం గదా?"

గడియారం నాలుగు దాటింది. హైమావతి బీరువాలోంచి పాత సర్క్యులరు తీసింది. దాన్ని చివరి దాకా చదివిన వాళ్ళు రాష్ట్రంలో అంతవరకూ లేరు, రాసిన వాళ్ళతో సహా. పద్నాలుగో పేరాలో చిన్న అక్షరాల్లో ఇలా ఉంది. 'అంతర్జాల సౌకర్యము లేని పక్షమున, విద్యార్థి తన నిర్ణయమును స్వదస్తూరితో వ్రాసి, ఉపాధ్యాయుని ధ్రువీకరణతో గడువులోగా పోస్టు ద్వారా పంపవలెను. అట్టి పత్రములను పరిశీలించుటకు సిబ్బంది లేనందున, పోస్టు చేసిన దినముననే ఆమోదించబడినవిగా భావించవలెను.'

ఆమె కాగితం మీద వేలు పెట్టి హెడ్మాస్టరు వైపు చూసింది. "సార్, మనకు నెట్ ఉందా?"

తిరుపతయ్యగారు గోడ మీది పెట్టె వైపు చూశాడు. దాని మీద మూడు పచ్చదీపాలు మెరుస్తున్నాయి. ఆయన క్యాలెండరు వైపు చూశాడు. తరువాత కాశింబీ వైపు చూశాడు. నిదానంగా కుర్చీ ఎక్కి, పెట్టె వెనక తీగ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. దీపాలు ఆరిపోయాయి.

"లేదమ్మా. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఇంత అధ్వాన్నమైన నెట్ చూడలేదు," అని కుర్చీ దిగి చేతులు దులుపుకున్నాడు.

కాశింబీ తెల్లకాగితం మీద రాసింది. కర్మాగారం గురించి ఆ రోజు క్లాసులో అనుకున్నదంతా రాసింది. కప్ప గురించి, 'మా బడిలో కప్ప లేదు, వచ్చినాక చూస్తాము' అని రాసింది. పదిహేడో దాని దగ్గర అవ్వ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసింది. తెలియని వాటి దగ్గర తెలియదని రాసింది. అయిదుకు పది నిమిషాలు ఉండగా కాగితాలు హైమావతి చేతికిచ్చింది.

కింద రెండు వాక్యాలు హైమావతి నింపాలి. ఒకటి, 'పై నిర్ణయములు విద్యార్థి స్వయముగా ఆలోచించి తీసుకున్నవని ధ్రువీకరించుచున్నాను.' నలభై ఒక్కమందిలో ఇలా సంతకం పెట్టదగ్గది ఈ ఒక్కతికే. ఆమె సంతకం గర్వంగా, కొంచెం పెద్దదిగానే పెట్టింది. రెండోది, 'ఆన్‌లైన్‌లో పంపకపోవుటకు కారణము.' అక్కడ ఆమె 'అంతర్జాలము లేదు' అని రాసింది. ఆ అక్షరాలు మాత్రం చిన్నవిగా పడ్డాయి.

తిరుపతయ్యగారు కవరు పట్టుకుని సైకిలెక్కి పోస్టాఫీసుకు పరుగు తీశాడు. కాశింబీ కిటికీలోంచి ఆయన మలుపు తిరిగే దాకా చూసి, ఇటు తిరిగింది.

"టీచర్, నెట్ ఉంది గదా. లేదని రాసినారు. అది తప్పా, కాదా?"

హైమావతి గోడ మీద ఆరిపోయిన పెట్టె వైపు చూసింది. వేలాడుతున్న తీగ వైపు చూసింది.

"ఇంకా ఆలోచిస్తున్నానే," అంది.

కాశింబీ బుద్ధిగా తలూపి, సంచీ భుజానికేసుకుంది. "నిదానంగా ఆలోచించండి టీచర్. తొందరేం లేదు," అంది.